అడవి పందుల వేటకు బిగ్-బోర్ ఎయిర్ రైఫిళ్లు: నాలుగింటిని వాడి చూశాక

డాలస్ నుంచి నైరుతి దిశగా దాదాపు రెండు గంటలు ప్రయాణిస్తే వచ్చే ఎరత్ కౌంటీలో మా మిత్రుడొకరికి కొంత భూమి ఉంది. వేసవిలో జొన్న, చలికాలంలో పశువుల మేతకు గోధుమ వేస్తారు. గోధుమ మొలక జానెడు ఎత్తు లేచిందో లేదో, అడవి పందుల మంద ఒక్క రాత్రిలో అర ఎకరాన్ని నాగలితో దున్నినట్టు తిరగేసి పోతుంది. టెక్సస్ రాష్ట్రం మొత్తం మీద ఈ పందులు 20 లక్షలకు పైగా ఉంటాయని అంచనా. ఇవి ఆ నేలకు సహజమైన జంతువులు కావు. ఐరోపా నుంచి వచ్చినవారి వెంట వచ్చి అడవి పట్టిన పెంపుడు పందుల సంతతి, ఆ తరవాత వేట సరదా కోసం తెచ్చి వదిలిన ఐరోపా అడవి పందుల సంకరం. మా తాతగారు అనంతపురం జిల్లాలో వేరుశనగ చేనుకు మంచె మీద కాపలా కాసేటప్పుడు చేతిలో ఒడిసెల, పక్కన వాయించడానికి ఒక రేకు డబ్బా ఉండేవి. పంది పంటను ఏం చేస్తుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి కాబట్టి, మిత్రుడు సాయం అడిగినప్పుడు రెండో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను.

ఆ పొలంలో మూడు చలికాలాలుగా నేను వాడుతున్నవి మందుగుండు రైఫిళ్లు కావు, గాలి ఒత్తిడితో పనిచేసే పెద్ద కాలిబర్ (బ్యారెల్ లోపలి వెడల్పు, అంగుళాలలో) రైఫిళ్లు. ఎయిర్‌ఫోర్స్ టెక్సన్ .457, బెంజమిన్ బుల్‌డాగ్ .357 నా సొంతం. ఉమరెక్స్ హ్యామర్ .50, సెనెకా డ్రాగన్ క్లా .50 మాత్రం మా షూటింగ్ రేంజిలోని ఇద్దరు స్నేహితులవి. ఒక్కోదాన్ని కొన్ని వారాలపాటు అడిగి తెచ్చుకుని కాల్చాను. ఏ కంపెనీ నుంచీ నాకు వస్తువు గానీ డబ్బు గానీ రాలేదు. నేను వేటాడే దూరం సాధారణంగా 40 నుంచి 75 గజాలు. ఈ సమీక్ష కూడా ఆ దూరానికి, ఆ పనికి సంబంధించినదే.

బిగ్-బోర్ అంటే వాడుకలో .30 కాలిబర్ నుంచి పైవి. మన ఊళ్లలో బెలూన్లు పేల్చే ఎయిర్‌గన్‌లో ఒక స్ప్రింగు ఉండి, బ్యారెల్‌ను వంచినప్పుడు అది బిగుసుకుంటుంది. వీటిలో స్ప్రింగు ఒత్తిడి పని చేయదు. ముందే నింపి ఉంచిన గాలి సిలిండర్ నుంచి వాల్వ్ ఒక్క క్షణం తెరుచుకుని, ఆ గాలి సీసపు గుండును ముందుకు నెడుతుంది. వీటికి పీసీపీ అని పేరు. ఈ సంగతి కొత్తది కూడా కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్డోని గాలి తుపాకీ దాదాపు .46 కాలిబర్‌ది, 1803లో బయలుదేరిన లూయిస్, క్లార్క్ అన్వేషక బృందం అమెరికా పడమటి నేలల మీదుగా అటువంటి గాలి తుపాకీనే మోసుకెళ్లి, దారిలో కలిసిన తెగల పెద్దలకు కాల్చి చూపించింది.

బలం గురించి ముందే స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొనేవారిలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గుండు బరువును గ్రెయిన్లలో (గుండ్లను తూచే చిన్న కొలత) తీసుకుని, సెకనుకు అడుగులలో దాని వేగాన్ని వర్గం చేసి గుణించి, 450240తో భాగిస్తే ఫుట్-పౌండ్లలో శక్తి వస్తుంది. మామూలు .22 మందుగుండు రైఫిల్ 130 ఫుట్-పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. జింకల వేటకు అందరూ వాడే .308 రైఫిల్ 2,500 దాటుతుంది. మనం మాట్లాడుకుంటున్న నాలుగూ 200కు, 700కు మధ్య ఉంటాయి. అంటే వీటిలో అతి బలమైనది కూడా జింకల రైఫిల్‌లో మూడో వంతుకు చేరదు. మందుగుండు రైఫిల్ గుండు వేగంతో కండను చీల్చి నష్టం చేస్తుంది. గాలి రైఫిల్ గుండు అలా చేయలేదు. లావుగా, బరువుగా, నిదానంగా వెళ్లి ఇటు నుంచి అటు రంధ్రం చేస్తుంది, ఆ రంధ్రం గుండె మీదుగానో ఊపిరితిత్తుల మీదుగానో వెళ్తేనే జంతువు పడుతుంది. కాబట్టి ఈ రైఫిళ్ల మధ్య అసలు పోలిక పెట్టె మీద అచ్చయిన ఫుట్-పౌండ్లలో లేదు. చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండు ప్రతిసారీ అనుకున్న చోటే తగులుతుందా అన్నదే నేను చూసేది. నా మార్కులన్నీ దాని మీదే వేశాను.

టెక్సన్‌తో మొదలుపెడతాను. దీన్ని తయారుచేసే ఎయిర్‌ఫోర్స్ సంస్థది మేము పొలానికి వెళ్లే దారిలోనే తగిలే ఫోర్ట్ వర్త్ నగరం. 2015లో ఈ రైఫిల్ బయటికి వచ్చినప్పుడు, కర్మాగారంలో వరుసగా తయారయ్యే గాలి రైఫిల్ 500 ఫుట్-పౌండ్లు దాటడం పెద్ద వార్త అయింది. చూడటానికి తుపాకీలా కంటే యంత్రం విడిభాగంలా ఉంటుంది: ముందు 34 అంగుళాల బ్యారెల్, మధ్యలో అల్యూమినియం చట్రం, వెనక భుజానికి ఆనించుకునే మడమ ఉండాల్సిన చోట 490 సీసీల గాలి సిలిండరు. మొత్తం పొడవు 48 అంగుళాలు. స్కోప్ లేకుండా బరువు ఎనిమిది పౌండ్ల లోపే. ఈ పొడవుకు ఆ బరువు చాలా తక్కువ. నడుస్తున్నప్పుడు భుజం నొప్పి పెట్టదు, కానీ మాటు గుడిసె కిటికీలోంచి బ్యారెల్‌ను అటూ ఇటూ తిప్పడం మాత్రం కష్టమే.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చినది పక్కనున్న లీవరు. కుడి వైపు లీవరును ముందుకు తోస్తే బ్రీచ్ (బ్యారెల్ వెనక గుండు పెట్టే చోటు) తెరుచుకుంటుంది, గుండును వేలితో బ్యారెల్‌లోకి నెట్టి లీవరును వెనక్కి లాగితే చాలు. ఆ కదలికకు రెండు వేళ్ల బలం సరిపోతుంది. ముప్పై గజాల్లో పంది తల ఎత్తి గాలి వాసన చూస్తున్నప్పుడు, భుజం కదపకుండా, చప్పుడు చేయకుండా రైఫిల్‌ను సిద్ధం చేసుకోగలగడం ఎంత విలువైనదో అక్కడ కూర్చున్నవారికే తెలుస్తుంది. ట్రిగ్గర్ రెండు దశలది. మొదటి దశ అయ్యాక వేలికి ఒక గోడ తగిలినట్టుంటుంది, ఆ గోడ ఎప్పుడు విరుగుతుందో ముందే తెలుస్తుంది. సంచి మీద ఆనించి 50 గజాల నుంచి కాల్చితే, సిలిండరు నింపిన వెంటనే వెళ్లే రెండు గుండ్లూ కోడిగుడ్డు పట్టేంత చోటులోనే పడుతున్నాయి. మూడోది కొంచెం కిందికి దిగుతుంది. నాలుగోది కాల్చకుండా నేను మళ్లీ గాలి నింపుకుంటాను.

ఇక లోపాలు. దవడ ఆనేది నేరుగా లోహపు సిలిండరుకే కాబట్టి జనవరి తెల్లవారుజామున చెంప మంచుగడ్డకు ఆనించినట్టే ఉంటుంది. నేను పాత ఉన్ని మఫ్లరును చుట్టి దారంతో కట్టుకున్నాను. మామూలు టెక్సన్ చప్పుడు చాలా పెద్దది, గాలి తుపాకీ కదా అని చెవులకు రక్షణ లేకుండా కాల్చకూడదు. చప్పుడు తగ్గించే ఏర్పాటు బ్యారెల్ చుట్టూ కలిసే ఉన్న టెక్సన్ ఎస్‌ఎస్ అనే రకం ఉంది. చుట్టుపక్కల ఇళ్లున్నవారు దానికే డబ్బు పెట్టడం మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా ఇది ఒక్క గుండు రైఫిల్. రెండోది పెట్టుకునేలోపు మంద చెట్లలో కలిసిపోతుంది.

ఆ రెండో గుండు కావాలనుకునేవారి కోసమే ఉమరెక్స్ హ్యామర్ తయారైందని అనిపిస్తుంది. .50 కాలిబర్, 700 ఫుట్-పౌండ్లకు పైగా శక్తి అని సంస్థ చెప్పే మాట. 550 గ్రెయిన్ల గుండు సెకనుకు 760 అడుగుల వేగంతో వెళ్తుందన్న వారి లెక్కను పైన చెప్పిన సూత్రంలో వేస్తే 705 దాకా వస్తుంది, కాబట్టి ఆ మాట లెక్కకు నిలుస్తుంది. రెండు గుండ్లు ముందే పెట్టుకోవచ్చు. బోల్టును రెండు అంగుళాలు వెనక్కి లాగి ముందుకు తోస్తే రెండోది బ్యారెల్ ఎదుటికి వస్తుంది. కానీ నా దృష్టిలో హ్యామర్ గొప్పతనం రెండో గుండు కాదు, రెగ్యులేటర్. కార్బన్ ఫైబర్ సిలిండరులో 4,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి కొలత) దాకా గాలి పడుతుంది. అందులోంచి వాల్వ్‌కు చేరేది మాత్రం ఎప్పుడూ 3,000 పీఎస్‌ఐయే. సిలిండరులో గాలి తగ్గుతున్నా గుండు వెనక ఒత్తిడి తగ్గదు, అందుకే మూడు గుండ్లు దాదాపు ఒకే వేగంతో వెళ్తాయి. మూడింటి తరవాత మళ్లీ నింపాల్సిందే. ఒక నింపుకు మూడు గుండ్లేనా అని కొత్తవారు నిరాశపడతారు. వేటలో ఒక ఉదయానికి మూడు కంటే ఎక్కువ కాల్చిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు.

హ్యామర్ ఎనిమిదిన్నర పౌండ్లు, పొడవు 44 అంగుళాల లోపు. పాలిమర్ మడమ కాబట్టి చలిలో చెంపకు హాయిగా ఉంటుంది, భుజానికి మామూలు రైఫిల్‌లా కుదురుతుంది. బరువైన గుండు వదిలినప్పుడు భుజం మీద తోపు స్పష్టంగా తెలుస్తుంది. గాలి రైఫిల్‌కు వెనక్కి తన్నడం ఉండదనుకునేవారు దీన్ని ఒకసారి కాల్చి చూడాలి. దీని చిక్కంతా 4,500 పీఎస్‌ఐ దగ్గరే ఉంది, గాలి గురించి రాసేటప్పుడు అది చెబుతాను.

బెంజమిన్ బుల్‌డాగ్ కూడా 2015 నాటిదే. .357 కాలిబర్, ఐదు గుండ్ల మ్యాగజైన్, 3,000 పీఎస్‌ఐ సిలిండరు, ఒక నింపుకు పది గుండ్ల దాకా. ట్రిగ్గర్ ముందుకు, యంత్రాంగం చెంప కిందికి వచ్చే బుల్‌పప్ అమరిక వల్ల మొత్తం పొడవు మూడడుగులే. ఇరుకైన మాటు గుడిసెలో కూర్చుని కాల్చడానికి నాలుగింటిలో ఇదే సుఖం. బ్యారెల్ చుట్టూ ఉన్న తొడుగు చప్పుడును బాగా మింగేస్తుంది. నేను వేట నేర్చుకున్నది దీనితోనే. పదేపదే కాల్చి చూసుకోవడానికి గాలి సరిపోతుంది కాబట్టి చేయి త్వరగా కుదురుతుంది. ట్రిగ్గర్ నుంచి వెనక ఉన్న యంత్రాంగానికి కడ్డీ సాగి ఉండటం వల్ల వేలికి కొంత మెత్తగా, సాగినట్టుగా తగులుతుంది; అలవాటు చేసుకోవాలి.

అయితే దీని శక్తి గరిష్ఠంగా 200 ఫుట్-పౌండ్లని సంస్థ చెబుతుంది. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ 2018లో జింక వంటి పెద్ద జంతువుల వేటకు గాలి రైఫిళ్లను అనుమతించినప్పుడు ఒక హద్దు గీసింది. గుండు వ్యాసం .30 కంటే తక్కువ ఉండకూడదు, గాలిని రైఫిల్‌కు బయటి నుంచి నింపి ఉండాలి. ఆపైన 150 గ్రెయిన్ల గుండు సెకనుకు 800 అడుగుల వేగమైనా అందుకోవాలి, లేదా ఏ బరువు గుండైనా సరే 215 ఫుట్-పౌండ్ల శక్తినైనా ఇవ్వాలి. 150 గ్రెయిన్లు, 800 అడుగులు అన్నది లెక్క వేస్తే 213 వస్తుంది, అంటే రెండు దారులూ చేరేది దాదాపు ఒకే గీతకు. 200 దగ్గర ఆగిపోయే రైఫిల్ ఏ దారిలోనూ ఆ గీత దాటలేదు. కాబట్టి బుల్‌డాగ్‌తో టెక్సస్‌లో తెల్లతోక జింకను వేటాడటం చట్టానికి ఒప్పదు. మిస్సోరి రాష్ట్రంలో జింకకు కాలిబర్ .40 అయినా ఉండాలి, అక్కడా కుదరదు. అడవి పందికి టెక్సస్‌లో ఈ హద్దు లేదు. నలభై గజాల లోపు, చెవికీ కంటికీ మధ్య కాల్చగల నిలకడ ఉంటే మధ్యస్థమైన పందికి బుల్‌డాగ్ చాలు. పెద్ద మగపందికి మాత్రం నేను దీన్ని తీసుకెళ్లను. మగపంది భుజం మీద చర్మం కింద మృదులాస్థితో గట్టిపడిన డాలు లాంటి పొర ఉంటుంది. బలం తక్కువైన గుండు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

డ్రాగన్ క్లా కొరియాలోని సామ్ యాంగ్ తయారీ. నాలుగింటిలో చక్క మడమ ఉన్నది ఇదొక్కటే, చూడటానికి పాతకాలపు రైఫిల్‌లా ముచ్చటగా ఉంటుంది. .50 కాలిబర్, ఒక్కొక్క గుండే, రెండు స్థాయిల బలం. పెద్ద స్థాయిలో 230 ఫుట్-పౌండ్లని చెబుతారు. రెగ్యులేటర్ లేదు, గాలి తగ్గే కొద్దీ వేగమూ తగ్గుతుంది. 230 నుంచి 215కు ఎంతో దూరం లేదు కాబట్టి, జింక మీదికి నింపిన వెంటనే వెళ్లే మొదటి గుండునే లెక్కలోకి తీసుకోవాలి. గుండుకు బదులు ఎయిర్ బోల్ట్ అనే ప్రత్యేకమైన బాణాన్ని దీనితో కాల్చవచ్చు, దీన్ని కొనేవారిలో కొందరు దానికోసమే కొంటారు. నా పనికి మాత్రం ఇది అంత కుదరలేదు.

ఇక గాలి గురించి. రైఫిల్ కొనేటప్పుడు ఎవరూ సరిగా చెప్పని విషయం, కొన్న తరవాత ప్రతి వారం ఎదురయ్యే విషయం ఇదే. టెక్సన్, బుల్‌డాగ్, డ్రాగన్ క్లా మూడూ 3,000 పీఎస్‌ఐవి. ఆ ఒత్తిడి గాలిని డైవింగ్ షాపులు మామూలుగానే నింపి ఇస్తాయి. 80 ఘనపు అడుగుల అల్యూమినియం డైవింగ్ సిలిండరు ఒకటి ఉంటే పని మొదలవుతుంది. కానీ సిలిండరులో ఉన్నదీ 3,000, రైఫిల్‌కు కావలసిందీ 3,000. రైఫిల్‌ను ఒక్కసారి నింపేసరికే సిలిండరు ఆ అంకె కిందికి దిగుతుంది, ఆ తరవాత ఎన్నడూ పూర్తి నింపు రాదు. అందుకే 4,500 పీఎస్‌ఐ పట్టే కార్బన్ ఫైబర్ సిలిండరు కొనడం మేలు. దానిలో ఒత్తిడి 3,000కు దిగేలోపు ఎన్నోసార్లు నింపుకోవచ్చు. అది నింపే షాపులు తక్కువ. పెయింట్‌బాల్ ఆటస్థలాల దగ్గర, కొన్ని డైవింగ్ షాపుల్లో దొరుకుతుంది, లేదా సొంతంగా కంప్రెసర్ కొనుక్కోవాలి. హ్యామర్‌కు ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. కాబట్టి హ్యామర్ ధరను చూసేటప్పుడు కంప్రెసర్ ధరను కూడా పక్కన రాసుకోవాలి, రెండూ కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది. సిలిండర్లకు ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. కార్బన్ ఫైబర్‌వాటికి మామూలుగా 15 ఏళ్ల ఆయుష్షే.

మొదటి చలికాలంలో జరిగిన ఒక సంగతిని దాచకుండా చెబుతాను. ఒక షాపులో నా డైవింగ్ సిలిండరును పది నిమిషాల్లో నింపి, పూర్తిగా 3,000 ఉందని చేతికిచ్చారు. పట్టుకుంటే వెచ్చగా ఉంది. గాలిని వేగంగా కుక్కితే వేడెక్కి ఒత్తిడి ఎక్కువ చూపిస్తుందని, చల్లారాక అది పడిపోతుందని అప్పటికి నాకు తెలియదు. మర్నాడు తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో, ఎర్రటి చిన్న టార్చి వెలుగులో టెక్సన్ నింపాను. గొట్టం నుంచి గాలి చప్పుడు ఆగగానే నిండిందనుకున్నాను. గేజ్ మీద ముల్లు 3,000 గీత దగ్గరకు రానేలేదని చూడలేదు. ఎనభై గజాల దగ్గర పక్కకు తిరిగి నిలబడ్డ ఆడపందికి మోచేయి వెనక గురిపెట్టి కాల్చాను. గుండు నాలుగు అంగుళాలు కిందికి దిగి ముందు కాలిని విరిచింది. అది పొదల్లోకి పోయింది. రెండు గంటలపాటు గడ్డి మీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ నేనూ మా మిత్రుడూ వాగు దాకా నడిచాం. "అన్నా, దీన్ని ఇలా వదిలేసి పోలేం" అన్నాడు అతను, అంతకు మించి మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. చివరికి వాగు ఒడ్డున దొరికింది, దగ్గర నుంచి ముగించాం. ఆ రెండు గంటలు ఆ జంతువు పడ్డ బాధకు కారణం రైఫిల్ కాదు. అప్పటి నుంచి సిలిండరును ముందు రోజే నింపించి రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే దాని గేజూ రైఫిల్ గేజూ రెండూ చూసి, ఆ అంకెలను చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాకే గుండు పెడుతున్నాను.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. ఎక్కువ నింపితే ఎక్కువ బలం వస్తుందనుకుని కొందరు హద్దు దాటిస్తారు. ఒత్తిడి మరీ ఎక్కువైతే వాల్వ్‌ను కొట్టి తెరిచే లోపలి సుత్తి దాన్ని పూర్తిగా తెరవలేక గుండు వేగం తగ్గుతుంది, ప్రమాదం అదనం. ప్రతి రైఫిల్‌కూ గుండ్లు నిలకడగా వెళ్లే ఒక ఒత్తిడి ఉంటుంది. క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని గుండు గుండుకూ వేగం రాసుకుంటే అది బయటపడుతుంది. ఇక సిలిండరులో నింపాల్సింది శుభ్రమైన, పొడి గాలి మాత్రమే. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు, పెట్రోలియం నూనె చుక్క కూడా లోపలికి పోకూడదు. రెండూ పేలుడుకు దారి తీస్తాయి.

దూరం విషయానికి వస్తే, ఈ రైఫిళ్ల గుండు గాలిలో గీసే దారి బాగా వంగి ఉంటుంది. సెకనుకు 750 అడుగుల వేగంతో వెళ్లే 405 గ్రెయిన్ల గుండుకు 50 గజాల దగ్గర స్కోప్ సరిచేసుకుంటే, 60 గజాల దగ్గర అది అంగుళంన్నర దాకా కిందికి దిగుతుంది, అది పెద్ద తేడా కాదు. 100 గజాల దగ్గరికి చేరేసరికి అడుగుకు పైగా దిగుతుంది. 90 గజాలనుకున్నది నిజానికి 100 గజాలైతే ఐదు అంగుళాల దాకా తేడా వస్తుంది. గుండెకు గురిపెట్టిన గుండు కాలికి తగలడానికి ఆ ఐదు అంగుళాలు చాలు. అందుకే ఇప్పుడు దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా నేను వెళ్లను, 75 గజాలు దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టను. యూట్యూబ్‌లో 200 గజాల నుంచి ఇనుప పలకను కొట్టే వీడియోలు చాలా కనిపిస్తాయి. నిలబడి ఉండే పలక వేరు, అడుగు వేసే జంతువు వేరు.

గుండ్ల విషయంలో టెక్సన్‌కు ఒక మేలు ఉంది. .457, .458 వ్యాసపు సీసపు గుండ్లు పాత .45-70 రైఫిల్ కోసం అమెరికాలో నూటయాభై ఏళ్లుగా పోతపోస్తున్నారు కాబట్టి అచ్చులు, గుండ్లు, బరువులు ఎన్నో రకాలు దొరుకుతాయి. కొనేటప్పుడు మెత్తటి సీసం అని ఉన్నవే చూసుకోవాలి, మందుగుండు రైఫిల్ కోసం గట్టిపరిచిన సీసం గాలి ఒత్తిడికి బ్యారెల్ గాడులలో సరిగా కూర్చోదు. ముక్కు బల్లపరుపుగా ఉన్న గుండు నాకు మంచి ఫలితం ఇచ్చింది. మూడు నాలుగు బరువులు తెచ్చి, మీ రైఫిల్‌కు ఏది నచ్చుతుందో కాగితం మీద చూసుకున్నాకే పెట్టెలు పెట్టెలుగా కొనండి.

అమెరికాలో ఉన్న తెలుగువారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న వీసా గురించి. ఫెడరల్ చట్టం ప్రకారం పేలుడు పదార్థం బలంతో గుండును వదిలేదే ఫైర్ఆర్మ్, గాలి రైఫిల్ ఆ నిర్వచనంలోకి రాదు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు ఫైర్ఆర్మ్ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ నిషేధం గాలి రైఫిల్‌కు వర్తించకపోయినా రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ గాలి తుపాకీని కూడా ఫైర్ఆర్మ్‌గానే చూస్తుంది. వీసా మీద ఉన్నవారు కొనే ముందు మీ రాష్ట్ర చట్టాన్ని లాయరుతో సరిచూసుకోండి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి, సొంతదారు అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో అడవి పందిని వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. జింకకు లైసెన్సు కావాలి; 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేయాలి. పందికి అక్కర్లేకపోయినా ఆ కోర్సు చేయమని నేను అందరికీ చెబుతాను. ఇవేవీ ఇండియాకు పట్టుకెళ్లే వస్తువులు కావు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం అక్కడ లైసెన్సు లేకుండా ఉంచుకోదగిన ఎయిర్ రైఫిల్ హద్దు 20 జౌల్స్. టెక్సన్ 500 ఫుట్-పౌండ్లంటే దాదాపు 680 జౌల్స్. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వేట కూడా నేరమే.

ఏది కొనాలని అడిగితే, పందుల కోసం ఒక్కటే రైఫిల్ అనుకునేవారికి నేను టెక్సన్ .457నే చెబుతాను, ఇంటి పక్కన ఇళ్లుంటే ఎస్‌ఎస్ రకం. లీవరు నిశ్శబ్దం, గుండ్ల లభ్యత, 3,000 పీఎస్‌ఐతో సరిపెట్టుకోగలగడం, మొదటి గుండు నిలకడ, ఈ నాలుగు కారణాలూ నాకు చాలు. ఇంట్లో మంచి కంప్రెసర్ ఉన్నవారికి, లేదా కొనగలిగినవారికి హ్యామర్ దానికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. రెగ్యులేటర్ ఉన్న రైఫిల్‌తో వేటాడితే గేజ్ గురించిన దిగులు సగం తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవారు, పొలంలో చిన్న, మధ్యస్థ పందులనే అదుపు చేయాలనుకునేవారు బుల్‌డాగ్ తీసుకోవచ్చు, జింక మీద ఆశ లేకుండా. డ్రాగన్ క్లాను దాని అందం కోసం, బాణాల కోసం కోరుకునేవారే కొనాలి.

పంది పడ్డాక చేతికి రబ్బరు గ్లౌజులు లేకుండా దాన్ని ముట్టుకోకండి, బ్రుసెల్లోసిస్ అనే జబ్బు రక్తం ద్వారా మనుషులకు సోకుతుంది. గుండు వెళ్లిన దారి చుట్టూ బెత్తెడు మేర మాంసాన్ని కోసి పారేయాలి, సీసపు తునకలు కంటికి కనిపించనంత చిన్నవిగా ఉంటాయి. మిగిలినదాన్ని మధ్యలో 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే దాకా ఉడికించాలి. మా ఇంట్లో చిన్న ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, గోంగూరతో కలిపి రెండు గంటలు సన్నని సెగ మీద ఉంచుతాం.